ఆడియోగ్రామ్‌లో పడని క్షణం

రెండేళ్ల క్రితం మా మామగారికి వినికిడి పరీక్ష చేయించాం. ఆడియోగ్రామ్ (ఆ పరీక్ష ఫలితాన్ని గీతల్లో చూపే పటం) చూసి "ఓ మోస్తరు లోపం, ఈ వయసుకు మామూలే" అన్నారు. అందరం తేలికపడ్డాం. ఫోను మోగితే ఆయన అత్తగారికి అందించడం మొదలై అప్పటికే ఏడాది దాటింది. నలుగురూ నవ్వినప్పుడు ఒక క్షణం ఆలస్యంగా నవ్వేవారు. ఆ క్షణం ఆ గీతల్లో ఎక్కడా పడలేదు.

ఆడియోగ్రామ్ అబద్ధం చెప్పదు. నిశ్శబ్దమైన గదిలో ఎంత చిన్న ధ్వని వినపడుతోందో డెసిబెల్స్‌లో చూపిస్తుంది, అంతే. వయసుతో వచ్చే లోపంలో ముందుగా దెబ్బతినేవి హెచ్చు పౌనఃపున్యాలు, అంటే సన్నని కీచు ధ్వనులు. అచ్చులు నిలబడతాయి, హల్లులు జారిపోతాయి. కాలు, పాలు, తాలు ఒక్కలాగే వినిపిస్తాయి. గొంతు అందుతుంది, మాట అందదు. "కావలసినవి మాత్రం బాగానే వినపడతాయి" అని ఇంట్లోవాళ్లు నిష్ఠూరమాడేది ఇందుకే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం వినికిడి లోపానికి పునరావాస సేవలు (యంత్రం, శిక్షణ వంటివి) అవసరమైనవారు 43 కోట్లకు పైనే. ఆ లెక్కకూ ఆధారం డెసిబెల్సే: మెరుగైన చెవిలో లోపం 35 దాటాలి. ఆ హద్దుకు ఇవతల ఉండి కూడా మనుషులకు దూరమైనవారు అందులోకి రారు.

ఈ వెలితిని పూరించడానికే వెంట్రీ, వైన్‌స్టీన్ అనే ఇద్దరు వినికిడి పరిశోధకులు 1982లో పెద్దల కోసం 25 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. 13 మనసు గురించి, 12 నలుగురిలో మెలగడం గురించి. 'అవును'కు 4, 'అప్పుడప్పుడు'కు 2, 'లేదు'కు సున్నా; మార్కులు పెరిగేకొద్దీ ఇబ్బంది ఎక్కువన్నమాట. పది ప్రశ్నల పొట్టి రూపమూ ఉంది. కొత్తవారిని కలిస్తే ఇబ్బందిగా ఉంటుందా? ఇంట్లోవాళ్లతో వాదనలు వస్తున్నాయా? ఒకే ఆడియోగ్రామ్ ఉన్న ఇద్దరికి ఇందులో ఎంతో తేడాగా మార్కులు రావచ్చు. వినికిడి యంత్రం పెట్టకముందు, పెట్టాక అడిగితే అది మనిషికి ఎంత పనికొచ్చిందో కూడా తెలుస్తుంది.

అయితే ఆ ప్రశ్నలు ఎవరు అడుగుతున్నారు, ఏ భాషలో? ఇక్కడ, తెలుగు రాని డాక్టర్ల ముందు, మన పెద్దలకు దుబాసీ కొడుకో కూతురో. "మీ అబ్బాయితో మాట్లాడుతుంటే విసుగొస్తుందా?" అని ఆ అబ్బాయే అనువదిస్తే ఏ తండ్రి అవునంటాడు? "మీరు వికలాంగులమని అనుకుంటున్నారా?" అని మక్కికి మక్కి దించితే ఎవరైనా లేచి వెళ్లిపోతారు. (చెవిటివాడి ముందు శంఖం ఊదే సామెత వింటూ పెరిగినవారు ఒప్పుకోవడం అంత సులభమా?) మన తెలుగు సంఘం ఆరోగ్య శిబిరాల్లో రక్తపోటు, చక్కెర చూస్తున్నాం. ఆ పక్కనే ఒక బల్ల వేసి, సరిగ్గా తెలుగు చేసి సరిచూసిన ఈ పది ప్రశ్నలను బయటివారెవరైనా అడిగే ఏర్పాటు చేయాలని నా వాదన. పిల్లలు కాసేపు దూరంగా కూర్చోవాలి.

మార్కులనూ గుడ్డిగా నమ్మకూడదు. మేము ఇంట్లో అడిగి చూసినప్పుడు మామగారికి చాలా తక్కువ వచ్చాయి. బంధువుల ఇళ్లలో ఇబ్బంది లేదన్నారు. వెళ్లడమే మానేశారు మరి. వాదనలు కూడా లేవన్నారు.

పక్క గదిలోంచి అత్తగారు అన్నారు: "వాదించాలంటే నేనన్నది వినపడాలి కదండీ!"

ఆయన ఒక క్షణం ఆగి నవ్వారు.