‘ఎవరి పని వాళ్ళు చూసుకుంటే’ చాలదు

“కాలేజీ మేడమ్‌లకు వార్డు పని రాదు. వార్డు సిస్టర్లది చదువు చెప్పే పని కాదు. ఎవరి పని వాళ్ళు చూసుకుంటే పిల్లలు బాగుపడతారు.” కర్నూలు నర్సుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. మేడమ్‌లంటే నర్సింగ్ కాలేజీలో పాఠం చెప్పేవాళ్ళు, పిల్లలంటే అక్కడ చదువుతూ వార్డుకు పని నేర్చుకోను వచ్చే విద్యార్థులు. ఇరవై ఏళ్ళుగా వార్డులో ఉన్నదాన్ని, చూసి ఊరుకోలేకున్నాను.

మేడమ్‌లకు వార్డు పని రాదట. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో పాఠం చెప్పేవాళ్ళే వార్డు బాధ్యతా మోస్తారు. మన దగ్గర ఆ దారి మూసేసి, రాదని వాళ్ళనే అంటే ఎట్లా?

రెండేళ్ళ కింద ఎమ్మిగనూరు పెద్దాయనొకరు షుగర్‌తో చేరినాడు. సిరంజి ఆయన కొడుకు బయట కొనుక్కొచ్చినాడు. ఇన్సులిన్ 20 యూనిట్లు ఇవ్వాలి. థర్డ్ ఇయర్ అమ్మాయి మందు లాగి, 20 గీత దగ్గర ఆపి, “సిస్టర్, ఒకసారి చూస్తారా?” అంది. సిరంజి మూత నారింజ రంగు. అంటే దాని గీతలు మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే మందుకు గీసినవి. బుడ్డి మీదేమో మిల్లీలీటరుకు 40 యూనిట్లని ఉంది. ఆ గీతకు వచ్చేది 8 యూనిట్లే. సూది వేయకముందే ఆపినాము. అమ్మాయిని ఏమనేది? ల్యాబులో 40 యూనిట్ల మందుకు వాడే ఎర్ర మూత సిరంజి తప్ప ఆమె ఇంకొకటి చూడనే లేదు. వాళ్ళ మేడమ్‌కు చెబితే నొచ్చుకోలేదు. మరుసటి వారం రెండు రకాల సిరంజిలూ ట్రేలో పెట్టి, పిల్లల ముందు నన్ను నిలబెట్టి, “మీరే చెప్పండక్కా” అంది.

ఇక సిస్టర్లది చదువు చెప్పే పని కాదన్న మాట. 2021 సిలబస్ ప్రకారం బీఎస్సీ నర్సింగ్ చివరి సెమిస్టర్‌లో 22 వారాలు, వారానికి 48 గంటలు ఇంటర్న్‌షిప్పే. అన్ని గంటలూ పిల్లలు చూసేది మా చేతులనే. ఆ చేతుల్లో తప్పులూ ఉంటాయి. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టే అలవాటు నాకు చాలా ఏళ్ళుండేది. మూత పెట్టకుండా నేరుగా, వాడిన సూదులు పారేసే తెల్ల డబ్బాలో వేయడం నాకు అలవాటు చేసింది ఆ మేడమే.

“సిస్టర్లకు తీరికేది?” అని మెసేజ్ కింద ఎవరో రాసినారు. అది మాత్రం నిజం. రాత్రి డ్యూటీలో నలభై మందికి ఒక్కదాన్నే ఉంటే ఎవరికీ ఏమీ నేర్పలేను. అందుకే పొద్దున రౌండ్స్ అయినాక నాలుగు బెడ్లు మేడమ్, పిల్లలు తీసుకోవాలి. మేము అట్లా పంచుకున్న రోజు పది గంటల మందులు పదికే అందినాయి, ఒక అరగంట ఆ పిల్లల పక్కన నిలబడే వీలు నాకూ దొరికింది.