నాలుగు రోజులైనా దిగని జ్వరం

రక్త క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న పాపకు జ్వరం వస్తుంది. యాంటీబయాటిక్ మొదలుపెడతారు. నాలుగు రోజులైనా జ్వరం దిగదు, ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ కనిపించదు. ఇంకో యాంటీబయాటిక్‌కు మారి చూద్దామంటారు. ఊపిరితిత్తుల్లో ఫంగస్ వేళ్లూనుకునేది ఈ ఎదురుచూపుల్లోనే.

ఆస్పర్జిల్లస్ ఫంగస్ బీజాలను మనమంతా రోజూ పీలుస్తూనే ఉంటాం. రెండు మూడు మైక్రాన్లే కాబట్టి ఊపిరితిత్తుల లోలోపలికి వెళ్లిపోతాయి. మన రక్షక కణాలు వాటిని ఎప్పటికప్పుడు మట్టుబెడతాయి. కీమోతో తెల్లకణాలు పడిపోయినవారిలో, మజ్జ మార్పిడి జరిగినవారిలో అవి మొలకెత్తి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోతాయి. అందుకే ఇలాంటి పిల్లలకు 96 గంటలు దాటినా జ్వరం తగ్గకపోతే సీటీ స్కాన్ తీయాలి, రుజువు దొరికేదాకా ఆగకుండా ఫంగస్ మందు మొదలుపెట్టాలి. పెద్దల స్కాన్‌లో కనిపించే గుర్తులు పిల్లల్లో చాలాసార్లు కనిపించవు.

మందు ఇస్తే సరిపోదు, అది రక్తంలో చాలినంత ఉందో లేదో చూడాలి. ఆస్పర్జిల్లస్‌కు ప్రధానంగా వాడే వోరికొనజోల్ అమెరికాలో 2002లో అనుమతి పొందింది. రెండేళ్లు నిండిన పిల్లలకు ఆ అనుమతి 2019లో గానీ రాలేదు. పిల్లల కాలేయం ఈ మందును చాలా వేగంగా ఖర్చు చేసేస్తుంది. సెలైన్ ద్వారా ఇచ్చేటప్పుడు పెద్దలకు కిలో బరువుకు 4 మిల్లీగ్రాములు చాలితే, పన్నెండేళ్లలోపు వారికి 8 కావాలి. అప్పటికీ ఒకే డోసు ఒకరికి చాలదు, మరొకరికి ఎక్కువవుతుంది. పైగా లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ అనే కీమో మందుతో కలిస్తే నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అప్పుడు లైపోసోమల్ యాంఫోటెరిసిన్ అనే మరో ఫంగస్ మందు వైపు వెళ్లాలి, కిడ్నీలనూ పొటాషియాన్నీ కనిపెట్టుకుని ఉండాలి. మ్యూకర్ ఫంగస్ అయితే వోరికొనజోల్ అసలు పనిచేయదు. యాంఫోటెరిసిన్, వీలైతే సర్జరీ, ఇవే ప్రధాన దారి.

పిల్లల క్యాన్సర్‌కు వైద్యం చేసే ప్రతి ఆస్పత్రికీ మందు స్థాయి చెప్పే రక్తపరీక్ష, ఆస్పర్జిల్లస్ ఆనవాలు పట్టే గెలాక్టోమానన్ పరీక్ష అందుబాటులో ఉండాలన్నది మా డిమాండ్. సొంత ల్యాబ్ లేకపోతే ఉన్నచోటికి శాంపిల్ పంపే ఏర్పాటైనా ఉండాలి. వారం తర్వాత వచ్చే రిపోర్టుతో డోసు సరిచేసుకునే వ్యవధి ఆ బిడ్డకు ఉండదు.