తాడుకు అవతల అన్వేషణ

లండన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా పిన్ని కొడుకు ఈ మధ్య ఐస్‌లాండ్ వెళ్ళి వచ్చాడు. వెళ్ళి వచ్చాడనడం నా అజ్ఞానమట. అతడు ఆ దేశాన్ని అన్వేషించి వచ్చాడు. "ఎక్స్‌ప్లోర్ చేశాం అన్నయ్యా" అని ఫోనులో అతడు గంభీరంగా ప్రకటించినప్పుడు, చేతిలో దిక్సూచి, భుజాన ఎండుచేపల మూట, గడ్డానికి మంచు వేలాడే మనిషి ఒకడు నా కళ్ళ ముందు మెదిలాడు. విచారించగా తేలిందేమిటంటే, సీటు కింద వేడి పుట్టే అద్దె కారులో కూర్చుని, ఫోను కుడికి తిరగమంటే కుడికి, ఎడమకు తిరగమంటే ఎడమకు తిరుగుతూ, దేశం చుట్టూ వేసిన దాదాపు 1,300 కిలోమీటర్ల ఒకటో నంబరు రోడ్డు మీద వారం రోజులు ప్రయాణించాడు. ఆ రోడ్డుకు 2019 నాటికి పొడుగునా తారు కూడా పడింది. క్రీ.శ. 930లోనే థింగ్‌వెత్లిర్ మైదానంలో సభ పెట్టుకుని చట్టాలు చేసుకున్న జనం, ఇంకా తమను ఎవరో ఒకరు కనుగొనవలసి ఉందని ఇప్పుడిప్పుడే తెలుసుకుంటున్నారు. ఆ దేశ జనాభా నాలుగు లక్షలకు తక్కువ, ఏటా వచ్చే అన్వేషకులు ఇరవై లక్షలకు ఎక్కువ. అంటే, ఒక్కొక్క స్థానికుణ్ణి ఏడాదికి కనీసం ఐదుసార్లు కనుగొంటున్నారన్నమాట.

ఇదంతా నేను సహించేవాణ్ణే. మా వాడు 214 ఫోటోలు పంపకపోయి ఉంటే, వాటిలో ఒకదానిలో అతడి వెనుక మోకాలి ఎత్తున కట్టిన ఒక తాడు కనబడకపోయి ఉంటే, ఈ వ్యాసం పుట్టేది కాదు. తాడు అతడికి వెనుక ఉంది. అంటే అతడు తాడుకు అవతల ఉన్నాడు. ఇదేమిటని అడిగితే, "తాడు దాటితేనే అసలు వ్యూ అన్నయ్యా" అన్నాడు. తిరుమలలో ఇనుప కటకటాల మధ్య గంటల తరబడి కిక్కురుమనకుండా నిలబడే మనిషి, మోకాలి ఎత్తు తాడు చూడగానే వాస్కో డ గామా అయిపోవడం పరిశోధించవలసిన విషయం. తాళం వేసి ఉంటేనే నిషేధం, తాడు కట్టి ఉంటే ఆహ్వానం అని మనం ఏ బడిలో చదువుకున్నామో నాకు తెలియదు. మన ఒక్కరినే నిందించడమూ న్యాయం కాదు. ఈ విషయంలో సకల దేశాల వారూ అన్నదమ్ములే.

అన్వేషణ అనే విద్యకు పరాకాష్ఠ 2012 ఆగస్టులో జరిగిన ఎల్డ్‌గ్యా ఉదంతం. ఎల్డ్‌గ్యా అంటే అగ్నిపర్వతం నేలను చీల్చగా ఏర్పడిన లోయ. అక్కడ ఆగిన టూరిస్టు బస్సులోంచి ఒక యాత్రికురాలు దిగి, కాస్త సేదదీరి, బట్టలు మార్చుకుని తిరిగి వచ్చింది. కొత్త బట్టల్లో ఉన్న ఆమెను తోటివారు గుర్తుపట్టలేదు. దిగిన మనిషి రాలేదని కంగారు పడి అధికారులకు కబురు పెట్టారు. తప్పిపోయిన స్త్రీ ఆనవాళ్ళు చెప్పారు. ఆ ఆనవాళ్ళు తనవేనని ఆమెకు తోచలేదు. పాపం, ఎవరో ఆడకూతురు దారి తప్పిందని జాలిపడి, ఆమె కూడా గాలింపులో చేరింది. దాదాపు యాభై మంది, కొందరు వాహనాల్లో, కొందరు కాలినడకన, రాత్రంతా వెతికారు. హెలికాప్టరును కూడా సిద్ధం చేస్తున్నారు. దయచేసి ఆ దృశ్యాన్ని నాతోపాటు నిదానంగా ఊహించండి. ఆమె ఒక్కొక్క బండరాయి వెనక్కి తొంగిచూస్తోంది. అక్కడ తాను లేదు. ముందుకు పోయి వాగు ఒడ్డున వెతికింది. అక్కడా తాను లేదు. ఈ చలికి ఆ మనిషి ఏమైపోయిందో, ఇంట్లో వాళ్ళు ఎంత అల్లాడుతున్నారో అని పక్కవారితో అనే ఉంటుంది. పక్కవారు నిట్టూర్చి, "మీరు అలసిపోయారు, కాసేపు కూర్చోండి" అనే ఉంటారు. ఏరు దాటి, ఎవరికి వారు తమను వదిలేసి లెక్కపెట్టుకుని, ఒకడు మునిగిపోయాడని ఏడ్చిన పరమానందయ్య శిష్యులు కూడా గట్టు మీద కూర్చుని ఏడ్చారే గాని హెలికాప్టరు దాకా పోలేదు. అరుణాచలంలో ఏళ్ళ తరబడి కూర్చుని 'నేనెవరు' అని విచారించినవారికి కూడా అంత తేలికగా దొరకని జవాబు ఆమెకు తెల్లవారుజామున మూడు గంటలకు దొరికింది. పోలీసులు గాలింపు ఆపేశారు.

2016లో మరొకాయన విమానాశ్రయం నుంచి రాజధాని రేక్యవిక్‌లోని హోటలుకు బయలుదేరి, దారి చూపే జీపీఎస్‌లో కొట్టిన వీధి పేరులో ఒక అక్షరం ఎక్కువ పడినందువల్ల, యాభై కిలోమీటర్లకు బదులు నాలుగు వందలకు పైగా నడిపి, ఉత్తరపు కొసన ఉన్న సిగ్లుఫ్యోర్దుర్ అనే చేపల ఊరు చేరాడు. పోదలచిన చోటు ఒకటి, చేరిన చోటు ఒకటి కాబట్టి కొలంబస్ తరువాత అన్వేషకుడనే మాటకు అర్హుడు ఈయన ఒక్కడేనని నా అభిప్రాయం. ఈయన ఏ తాడూ దాటలేదు కూడా.

ఫ్యాద్రార్‌గ్ల్యూవుర్ అనే లోయ ఉంది. (పేరు ఒకసారి తప్పులేకుండా పలికితే సగం లోయ దిగినట్లే.) 2015లో ఒక ప్రపంచ ప్రసిద్ధ గాయకుడు అక్కడ వీడియో తీయించుకున్న పాపానికి, ఆ అడుగుజాడల్లో నడవడానికి లోకమంతా తరలివచ్చింది. నాచు తొక్కుడుపడి బురద అయింది, 2019లో లోయను మూసేశారు. అప్పుడు కాపలా ఉన్న రేంజరుకు లంచం ఇవ్వజూపినవారూ ఉన్నారట. మన ఘనమైన సంస్కృతి అంత దూరం వ్యాపించిందని తెలిసి నేను పులకించిపోయాను.

నాచే కదా అంటారు. 1783లో లాకీ అగ్నిపర్వత చీలిక ఎనిమిది నెలల పాటు నిప్పులు కక్కింది. పశువుల్లో సగానికి పైగా చచ్చాయి, ఆ తరువాతి కరువులో జనాభాలో ఐదోవంతు పోయింది. ఆ లావా చల్లారిన రాళ్ళ మీద రెండు శతాబ్దాలకు పైగా, వేలి మందాన, జానెడు మందాన పేరుకున్నదీ ఇలాంటి నాచే. దాన్ని పీకి కొండవాలు మీద అక్షరాలు రాసేవారు, రోడ్డు దిగి కారు చక్రాలతో దున్నేవారు అన్వేషకులు కారు. చావుల మీద పరచుకున్న దుప్పటిని లాగేసేవారు. ఆ గాయం మానడానికి దశాబ్దాలు పడుతుంది. చేసినవాడు వారానికి ఇల్లు చేరతాడు.

ఇక రేనిస్‌ఫ్యారా అనే సముద్రతీరం. నల్ల ఇసుక, నిలువు స్తంభాల్లా నిలిచిన బసాల్టు రాళ్ళు, మా వాడి ఫోటోలో తాడు. అక్కడ సముద్రం చాలాసేపు బుద్ధిమంతురాలిలా ఉండి, ఉన్నట్టుండి ఒక్క అలను అంత లోపలికి తోసి, నిలబడ్డవారి కాళ్ళ కింద ఇసుకతో సహా లాక్కుపోతుంది. ఒక్కరు కాదు, ఇద్దరు కాదు, అలా పోయినవారు. ప్రమాద స్థాయి తెలిపే దీపాలు పెట్టారు, బొమ్మలతో బోర్డులు పెట్టారు. దీపం ఎర్రగా వెలుగుతుండగా, చంటిపిల్లను చంకన వేసుకుని, సముద్రానికి వీపు చూపించి, ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం వెనక్కి అని జరిగే తండ్రులు ఉన్నారు. ఇక్కడ నాకు నవ్వు రాదు. ఆ దేశానికి సైన్యం లేదు. కొండల్లో, మంచులో, సముద్రపుటొడ్డున గాలింపుకు పోయేది ఎక్కువగా జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు: వడ్రంగులు, బడిపంతుళ్ళు, రైతులు. సంవత్సరాంతంలో బాణసంచా అమ్మి ఆ డబ్బుతో తాళ్ళు, బళ్ళు కొనుక్కుంటారు. ఫోను మోగితే కంచం ముందు నుంచి లేచి, గాలికి కారు తలుపులు ఊడిపోయే రాత్రుల్లో బయలుదేరతారు. అడివి పిలిస్తే కాదు, ఎవడో వ్యూ కోసం తాడు దాటాడని. నీ వ్యూకు ఒక బిడ్డ తండ్రిని ఎందుకు పణం పెట్టాలిరా?

సరిగ్గా ఈ మాటే, కాస్త మర్యాదగా, మా వాడికి చెప్పాను. అతడు చాలాసేపు మౌనంగా విన్నాడు. మర్నాడు ఉదయం అదే ఫోటో మళ్ళీ పంపాడు. నల్ల ఇసుక, తెల్లటి నురగ, చేతులు చాచి నిలబడ్డ మా వాడు. "నువ్వు చెప్పింది నిజమే అన్నయ్యా, తాడు వల్ల ఫోటో పాడైంది. ఎడిట్ చేసి తీసేశాను" అని కింద రాశాడు.