చెత్తబండ్ల మీద బతికిన మాఫియా

అమెరికా మాఫియా అనగానే షికాగో, అల్ కపోన్, మద్యనిషేధం గుర్తొస్తాయి. 1920లో మొదలైన నిషేధమే ముఠాలకు తొలి పెట్టుబడి సమకూర్చిందన్నది నిజం. కానీ ఆ నిషేధాన్ని 1933 డిసెంబరులో ఎత్తేశారు. ముఠాలు ఆ తర్వాత ఇంకో అరవై ఏళ్లు దర్జాగా బతికాయి. జూదం, వడ్డీ, మాదకద్రవ్యాల సంగతి అందరికీ తెలుసు. నిఖార్సయిన చట్టబద్ధ వ్యాపారాల్లో అవి ఎలా పాతుకుపోయాయో చూస్తేనే అసలు గుట్టు తెలుస్తుంది.

కాంక్రీటు సంగతే చూడండి. రెడీమిక్స్ లారీ ప్లాంటు దాటాక సుమారు గంటన్నరలోపు పోసెయ్యాలి, లేకుంటే డ్రమ్ములోనే బిగుసుకుపోతుంది. సరిగ్గా అప్పుడు మాఫియా చెప్పుచేతల్లో ఉన్న కార్మిక యూనియన్ నాయకుడు పని ఆపేయమంటే బిల్డరు దిగిరాక తప్పదు. 1980ల్లో న్యూయార్క్‌లో ‘కుటుంబాలు’ అని పిలిచే మాఫియా ముఠాల్లో నాలుగు కలిసి, 20 లక్షల డాలర్లు దాటిన కాంక్రీటు కాంట్రాక్టులపై 2 శాతం వసూలు చేశాయి. ఏ పని ఎవరికి దక్కాలో, ఎవరు ఎక్కువ రేటు కోట్ చేసి తప్పుకోవాలో ముందే తేల్చేవి. మన పత్రికలు ‘కాంట్రాక్టర్లు రింగయ్యారు’ అని రాస్తాయే, అదే ఇది. ఎవడో ఒకడు ఆశపడి రేటు తగ్గిస్తే మామూలు రింగు విచ్చిపోతుంది. అలా విచ్చిపోకుండా కాపలా కాయడమే మాఫియా అమ్మిన సరుకు.

ఇది చెత్త వ్యాపారంలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 1956లో న్యూయార్క్ నగరపాలిక దుకాణాలు, ఆఫీసుల చెత్త ఎత్తడం మానేసి ఆ పనిని ప్రైవేటు బండ్లకు వదిలేసింది. మరుసటి ఏడాదికే, ఆ బండ్ల యజమానుల సంఘం మాఫియా గుప్పిట్లో ఉందని సెనేట్‌లో మెక్‌క్లెల్లన్ కమిటీ బయటపెట్టింది. పద్ధతి ఇదీ: ప్రతి దుకాణం ఒక ‘స్టాప్’. ఆ స్టాప్ ఒక బండి యజమాని ఆస్తి. దుకాణం మూతపడి అక్కడ ఇంకొకరు హోటల్ పెట్టినా, చెత్త పాత బండికే వెయ్యాలి. వేరే బండివాణ్ని పిలిస్తే రాడు. ఎవడైనా తెగించి వస్తే సంఘం పంచాయితీ పెట్టి, లాక్కున్న స్టాప్‌కు బదులు స్టాప్ ఇప్పించేది, లేదా నెల బిల్లుకు ఎన్నో రెట్లు పరిహారం కట్టించేది.

నగరం ఘనపు గజానికి గరిష్ఠ రేటు పెట్టింది. ఆ గరిష్ఠమే అందరూ వసూలు చేసే రేటయింది. ఆపైన కొలతలో దోపిడీ. ఎత్తింది నాలుగు గజాలైతే బిల్లు ఏడు గజాలకు వేసినా, అర్ధరాత్రి బండి వెనక నిలబడి కొలిచేదెవరు? బీఎఫ్‌ఐ అనే పెద్ద కంపెనీ తక్కువ రేటుకు వస్తానంటే, 1993లో దాని అధికారి ఇంటి ముందు నరికిన కుక్క తల పడింది. నోట్లో ‘న్యూయార్క్‌కు స్వాగతం’ అని చీటీ.

పోలీసులు, ముఠాల వ్యవస్థీకృత నేరాలను శిక్షించే 1970 నాటి రీకో చట్టం కలిసి మాఫియా నడ్డి విరిచాయని వాదించేవాళ్లున్నారు. ఆ చట్టంతోనే 1986లో ముఠా పెద్దలను దోషులుగా తేల్చారు, వందేళ్ల శిక్షలు పడ్డాయి. దాన్ని తక్కువ చెయ్యలేం. కానీ పెద్దలు జైల్లో ఉండగానే చెత్త సంఘం ఎప్పట్లాగే నడిచింది. ఒక డిటెక్టివ్ మారుపేరుతో కాగితం చెత్త కంపెనీలో మూడేళ్లు పనిచేసి సాక్ష్యం సేకరిస్తే, 1995లో గానీ కేసు పెట్టలేకపోయారు. సెనేట్‌కు తెలిసిన 38 ఏళ్లకు!

ఆ తర్వాత దెబ్బ కొట్టింది 1996లో నగరం పెట్టిన లైసెన్సు కమిషన్. పూర్వాపరాలు తేలని యజమానికి లైసెన్సు లేదు. ఒప్పందం రెండేళ్లు మించకూడదు. పాత ఒప్పందాలను 30 రోజుల నోటీసుతో తెంచుకోవచ్చు. గరిష్ఠ రేటు 14.70 డాలర్ల నుంచి 12.20కి దిగింది. చాలా ఆఫీసు భవనాల బిల్లులు అంతకన్నా బాగా పడిపోయాయి. ఏళ్ల తరబడి ఆ తేడా డబ్బు కట్టింది కిరాణా కొట్లు, హోటళ్లు, చివరికి వాటి గిరాకీలు.

ప్రజాసేవల నుంచి ప్రభుత్వం తప్పుకోవడాన్ని పొదుపుగా చూసేవాళ్లు ఈ లెక్క ఎప్పుడూ వెయ్యరు. 1956లో నగరం బండ్లను వదిలేసింది సరే, కొలతనూ బిల్లునూ తనిఖీ చేసే బాధ్యతను కూడా ఎందుకు వదిలేసింది? 2019లో చేసిన చట్టంతో అదే నగరం వ్యాపార చెత్తను 20 మండలాలుగా విడగొట్టి, ఒక్కో మండలానికి గరిష్ఠంగా మూడు కంపెనీలను మాత్రమే అనుమతిస్తోంది. బండ్ల తిరుగుడు, పొగ తగ్గుతాయి, మంచిదే. కానీ ముగ్గురే ఉన్నచోట ప్రతి బిల్లునూ, ప్రతి కొలతనూ నగరమే పరీక్షించి బహిరంగంగా పెట్టాలి.