ఆదాయం 2, వ్యయం 14

మా మేనల్లుడు ఆత్రేయపురం నుంచి ఫోన్ చేశాడు. "మావయ్యా, పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్ముదామనుకుంటున్నా. మార్కెటింగ్ గురించి ఓనమాలు కూడా తెలీవు. మంచి న్యూస్‌లెటర్లు ఓ నాలుగు చెప్పు" అన్నాడు.

అడగాల్సిన మనిషినే అడిగాడు. ఆన్‌లైన్ మార్కెటింగ్ మీద నాకు ఈమెయిల్‌లో మొత్తం 71 న్యూస్‌లెటర్లు, అంటే వరసగా పంపే ఉత్తరాలు, వస్తాయి. ఆరేళ్లుగా చదువుతున్నాను. ఈ ఆరేళ్లలో ఎవరికీ ఏమీ అమ్మలేదు. కాబట్టి నా సలహాలో స్వార్థం ఇసుమంతైనా ఉండే అవకాశం లేదు.

ఏ శాస్త్రమైనా దాని పుట్టుక తెలుసుకున్నాకే మొదలుపెట్టాలి. 1978 మే నెలలో, అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీలో మార్కెటింగ్ చూసే గ్యారీ థ్యూర్క్ అనే ఆయన, ఇంటర్నెట్‌కి తాతలాంటి ఆర్పానెట్‌లో ఉన్న దాదాపు 400 మందికి ఒకేసారి ఈమెయిల్ పంపించాడు. మా కొత్త కంప్యూటర్లు చూపిస్తాం, కాలిఫోర్నియాలో ఫలానా చోటికి రండి అని. అడ్రసులు మరీ ఎక్కువై, రాయాల్సిన చోట పట్టక, మిగిలినవి ఉత్తరంలోకి పొర్లాయి. శుభలేఖలో పెళ్లికొడుకు పేరు కంటే ముందు ఆహ్వానించే బంధువుల పేర్లు వచ్చినట్టన్నమాట. అందుకున్నవాళ్లు తిట్టిపోశారు. అమ్మకాలు మాత్రం బ్రహ్మాండంగా జరిగాయని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఆ తిట్లు మర్చిపోయి అమ్మకాలు మాత్రం గుర్తుపెట్టుకున్నవాళ్ల సంతతే ఇప్పుడు రోజూ నాకు ఉత్తరాలు రాస్తోంది.

ఇక పరీక్ష పద్ధతి. ఉగాదినాడు పంచాంగం తెరిచి మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని చూసుకుంటాం కదా. నేను ప్రతి న్యూస్‌లెటర్‌కీ అదే వేస్తాను. చదవడానికి పట్టిన నిమిషాలు వ్యయం. చదివాక మన పనిలో ఏదైనా నిజంగా మార్చుకుని ఉంటే అది ఆదాయం. రాసినాయన తనను తాను పొగుడుకున్న సార్లు రాజపూజ్యం. మీరింకా ఇక్కడే ఉండిపోయారని మనకి గుర్తుచేసిన సార్లు అవమానం. దీనికి మా ఇంట్లో ఒక పాత పాల లెక్కల పుస్తకం కేటాయించాను. మా ఆవిడ దాన్ని చూసి ఏమీ అనలేదు. అనకపోవడాన్ని నేను అంగీకారంగానే తీసుకున్నాను.

ఉదాహరణకి నా మొట్టమొదటి న్యూస్‌లెటర్. ఒక గురువుగారిది. పేరు చెప్పను. ఉచిత పుస్తకం ఇస్తామంటే ఈమెయిల్ ఇచ్చాను. ఫామ్‌లో పేరు అడిగితే బడిలో నేర్పినట్టు ఇనిషియల్ ముందు కొట్టి, తర్వాత పేరు రాశాను. ఇంగ్లీషు ఫామ్‌కి మొదట వచ్చిందే పేరు. మర్నాడు "హాయ్ వి" అని ఉత్తరం వచ్చింది. పెళ్లయి 24 ఏళ్లయినా మా ఆవిడ నన్ను అంత చనువుగా పిలవలేదు. కరిగిపోయాను.

మొదటిరోజు ఆయన బాల్యం. మూడోరోజు అప్పులు. ఐదోరోజు ఒక రాత్రి ఆయనకి ఓ రహస్యం తెలిసింది. ఏమిటన్నది ఏడోరోజు చెప్తానన్నాడు. బుర్రకథలో వంతపాట వాడిలా తందానా అంటూ కూర్చున్నాను. ఏడోరోజు రహస్యం బయటపడింది: 24,999 రూపాయల కోర్సు 1,999కే, ఇంకా 15 నిమిషాలే! ఉత్తరంలోనే గడియారం, సెకన్లు తిరిగిపోతున్నాయి. ఆ టెన్షన్‌లో కార్డు కోసం ప్యాంటు జేబులు వెతికేలోపు టైమైపోయింది. రాత్రంతా నిద్రపట్టలేదు. పొద్దున్న మళ్లీ తెరిస్తే, 15 నిమిషాలే! సాయంత్రం తెరిచినా 15 నిమిషాలే! తెరిచినప్పుడల్లా కొత్తగా మొదలయ్యే గడియారం అది. అప్పట్నుంచి కోడిగుడ్లు ఉడకబెట్టుకోవడానికి ఆ ఉత్తరమే వాడుతున్నాను. అందుకే ఆదాయం సున్నా వేయడానికి మనసొప్పలేదు. 2 వేశాను. వ్యయం 14.

ఇలాంటి గడియారాలకి మన ప్రభుత్వం కూడా ఓ పేరు పెట్టింది. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 'డార్క్ ప్యాటర్న్స్' మీద మార్గదర్శకాలు ఇచ్చి, 13 రకాల మాయలు లెక్కపెట్టింది. లేని తొందర పుట్టించడం అందులో ఒకటి. సిగ్గుపడేలా చేసి ఒప్పించడం ఇంకొకటి. ఈ రెండోది మా మేనల్లుడికి మొదటి సాయంత్రమే తగిలింది. ఏదో సైటులో పెట్టె తెరుచుకుని కింద రెండు బటన్లు కనబడ్డాయట. ఒకటి పెద్దది, ఆకుపచ్చది: "అవును, నా వ్యాపారం పెరగాలి". ఇంకోటి చిన్నది, బూడిదరంగు: "వద్దు, నాకు కస్టమర్లు అక్కర్లేదు". పాపం వాడు వెనక గదిలోకి వెళ్లి వాళ్లమ్మని అడిగొచ్చాడు. మా చెల్లెలు పొయ్యి మీద బోర్లించిన కుండ మీంచి రేకు తీస్తూ, "కస్టమర్లు అక్కర్లేదనకురా, అపశకునం" అందట. ఆకుపచ్చదే నొక్కాడు. రాజమండ్రి చుట్టుపక్కల అమ్మకాలకి పనికొచ్చే సమాచారం కోసం వెళ్లినవాడికి ఆ రోజునుంచి అమెరికా దుకాణాల దసరా ఆఫర్ల లాంటివేవో రోజుకు మూడు వస్తున్నాయి.

"మానేద్దామంటే కింద లింకే లేదు మావయ్యా" అన్నాడు. ఉంటుంది నాయనా. ఉత్తరం బరువు 102 కేబీ దాటితే జీమెయిల్ అక్కడికి కత్తిరించేసి, మిగతాది చూడాలంటే నొక్కమంటుంది. మానుకునే లింకు అడుగున ఉంటుంది కాబట్టి కత్తిరించిన ముక్కలో పోతుంది. కొందరు కావాలనే అంత లావు ఉత్తరాలు రాస్తారని నేననను. బొమ్మలంటే వాళ్లకి ఇష్టమై ఉండొచ్చు.

అమెరికాలో 2003 చట్టం ప్రకారం మానుకుంటానన్నవాణ్ని పది పనిదినాల్లో వదిలేయాలి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఇంకాస్త బిగించింది. జీమెయిల్‌కి రోజుకు 5,000కి మించి పంపేవాళ్లు ఒక్క నొక్కుతో వదిలే ఏర్పాటు పెట్టాలి, రెండు రోజుల్లో వదలాలి. స్పామ్ అని ఫిర్యాదు చేసేవాళ్లు నూటికి 0.3 దాటకూడదు. అంటే వెయ్యిమందిలో ముగ్గురు. గోదావరి జిల్లాల్లో పెళ్లి భోజనానికి ఈ నిబంధన పెడితే ఒక్క వంటవాడూ మిగలడు.

అందుకే మా మేనల్లుడికి చెప్పాను: చేరేముందే ఎలా బయటపడాలో చూసుకో. ఇంకో చిట్కా కూడా చెప్పాను. జీమెయిల్‌లో మన పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏ మాట చేర్చినా ఉత్తరం మనకే వస్తుంది. ఒక్కో చోట ఒక్కో మాట చేర్చి ఇస్తే, రేపు ముక్కూమొహం తెలియనివాడు ఉత్తరం రాసినప్పుడు మన అడ్రసు ఎవరి దగ్గర్నుంచి జారిందో తెలిసిపోతుంది. నా ఆరేళ్ల విద్యలో పనికొచ్చింది బహుశా ఇదొక్కటే. నేను మాత్రం ఎప్పుడూ వాడలేదు, బద్ధకం.

"మాకు 60 శాతం మంది తెరిచి చదువుతారు అని ఓ న్యూస్‌లెటర్ వాళ్లు రాసుకున్నారు, అది మంచిదేనా?" అని అడిగాడు. ఉత్తరంలో కంటికి కనబడని చుక్కంత బొమ్మ ఒకటి పెడతారు. అది తెరుచుకుంటే మనం చదివినట్టు లెక్క. 2021లో ఆపిల్ వాళ్లు తమ మెయిల్ యాప్‌లో కొత్త ఏర్పాటు తెచ్చారు. దాన్ని పెట్టుకున్నవాళ్లకి, మనిషి చదివినా చదవకపోయినా ఆ బొమ్మల్ని ముందే యంత్రం తెరిచేస్తుంది. కాబట్టి ఆ 60 మందిలో ఎందరు మనుషులో, ఎన్ని యంత్రాలో పంపినాయనకీ తెలీదు. యంత్రాలకి ఇంతగా మార్కెటింగ్ నేర్పుతున్నామంటే భయమేస్తుంది.

ఎవరి పొయ్యి మీద ఉడుకుతోందో కూడా చూడాలి. ద హసల్ అనే న్యూస్‌లెటర్‌ని 2021లో హబ్‌స్పాట్ కొంది. గూగుల్‌లో పైన కనబడటం ఎలాగో నేర్పే బ్యాక్‌లింకోని 2022లో సెమ్‌రష్ కొంది. రెండూ మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలే. అందులో తప్పేం లేదు, చదవొద్దనీ అనను. కాకపోతే కొడవళ్లు అమ్మేవాడి దగ్గర వ్యవసాయం నేర్చుకుంటే, ప్రతి పాఠం చివర కోతే ఉంటుంది.

మరి మంచివే లేవా? ఉన్నాయి, ఒప్పుకోక తప్పదు, నా పాల పుస్తకంలోనే సాక్ష్యం ఉంది. రాయడం నేర్పే ఆన్ హ్యాండ్లీ రెండు వారాలకోసారి ఆదివారం పంపుతుంది, మనిషి మనిషికి రాసినట్టే ఉంటుంది. సెర్చ్ గురించైతే, అంటే గూగుల్‌లో వెతికేవాళ్లకి మనం కనబడటం గురించైతే, అలైడా సోలిస్ వారానికోసారి వేసే ఎస్ఈఓఫోమో ఉంది. గూగుల్ సెర్చ్ ఏం మార్చిందో గూగుల్ వాళ్లే తమ సెర్చ్ సెంట్రల్ అనే సైటులో ఊరికే రాస్తారు. దాన్నే నమిలి, మీగడ తీసేసి, "లోపలి రహస్యం" అని డబ్బు తీసుకునేవాళ్లు నా 71లో కనీసం తొమ్మిదిమంది ఉన్నారు. పాత సంచికలు రెండు తిరగేసి, ఇంత ఖర్చుపెట్టాం, ఇక్కడ దెబ్బతిన్నాం అని ఎక్కడైనా రాశారా చూడమన్నాను. అన్నీ విజయాలే ఉంటే దండం పెట్టి వచ్చేయాలి. పూతరేకు విప్పితే కనీసం బెల్లమన్నా ఉంటుంది.

అంతా ఓపిగ్గా విని వాడు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "కొరియర్‌లో రేకు పొడి కాకుండా, నెయ్యి అట్టకి అంటకుండా ఎలా ప్యాక్ చెయ్యాలో ఇందులో దేంట్లో ఉంటుంది?" 71లో ఒక్కదాంట్లోనూ లేదు. ఉన్నట్టుండి సిగ్నల్ సరిగ్గా లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

నెలన్నర గడిచింది. వాడు రెండింటినే ఉంచుకుని మిగతావి మానేశాడని మా చెల్లెలు చెప్పింది. డబ్బా సంగతి ఊళ్లోనే పాకం మిఠాయి పంపే ఇంకొకర్ని అడిగి తెలుసుకున్నాడట. కొన్నవాళ్ల ఈమెయిల్స్ రాసుకుంటున్నాడట. నాకూ ఓ ఫామ్ పంపాడు, నింపాను.

మొన్న శుక్రవారం, జీమెయిల్ ప్రకటనల ఉత్తరాలు విడిగా పడేసే ప్రమోషన్స్ ట్యాబ్‌లో, 71 మంది మధ్య, వాడి ఉత్తరం కనబడింది. మూడే వాక్యాలు. ఆదివారం రేకులు తీస్తున్నాం, బెల్లంవి 40 డబ్బాలే, పోయిన వారం హైదరాబాద్ వెళ్లిన డబ్బాల్లో రెండు చితికాయి కాబట్టి ఈసారి అట్ట మార్చాం. కింద మానుకునే లింకు నల్లటి అక్షరాల్లో కళ్లద్దాల్లేకుండానే కనబడుతోంది. పాల పుస్తకం తీశాను. వ్యయం అర నిమిషం. ఆదాయం కింద రెండు డబ్బాలు రాయబోతూ పైన మొదటి లైను చూశాను.

"హాయ్ వి".

వెంటనే ఫోన్ చేశాను. "ఒరేయ్, మావయ్యా అని రాయలేకపోయావా?"

"నువ్వు ఫామ్‌లో అలాగే నింపావు మావయ్యా" అన్నాడు.