మహారాజశ్రీ నెమ్ము గారికి

గోడల్లో చెమ్మగా వేంచేసి ఉన్న మహారాజశ్రీ నెమ్ము గారి సముఖమునకు, గోదావరి డెల్టా గృహస్థులు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఉభయుల్లో తమరు కుశలమే. మా గోడలే గచ్చు నుంచి మూడడుగుల ఎత్తు దాకా ఉప్పెక్కి పెచ్చులూడుతున్నాయి.

తమరి మీద నేరం మోపే ముఖం మాకు లేదండీ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందగ్గర్నుంచీ కాలువలో నీరు, చేలో నీరు. ఇప్పుడు చేపల చెరువుల నీరు అదనం. నాలుగు గునపం పోట్లు వేస్తే తగిలే తమరు ఈ నేలకి స్థానికులు. పైకి రమ్మని మర్యాదగా పిలిచింది మేమే.

పిలుపు వీధిలోంచే మొదలవుతుంది. ఇల్లు కట్టేటప్పుడు తెలిసిన మేస్త్రి పునాది గోడ మీద తమరికి అడ్డంగా ఓ పొర పోస్తాడు. అంగుళంన్నర మందాన, సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలిపిన కాంక్రీటు, సిమెంటు బస్తాకి 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫింగ్ మందు. అది బయటి నేలకి కనీసం ఆరంగుళాలు పైన ఉండాలి. కొన్నాళ్లకి పాత రోడ్డు తవ్వకుండా దాని నెత్తినే కొత్త సిమెంటు రోడ్డు పడుతుంది. వాన నీళ్లు మన వైపు తిరుగుతాయి. మనం ఊరుకుంటామా? నాలుగు ట్రాక్టర్ల బుసక, అంటే ఇసుకమట్టి, తోలించి వాకిలి మెరక చేస్తాం. ఆ పొర కాస్తా మట్టిలో కూరుకుపోతుంది. తమరికిక పొర దాటే పని కూడా లేదు, పక్కనున్న మెరకలోంచి నేరుగా పై ఇటుకలోకి నడిచొస్తారు.

వచ్చాక జరిగే మర్యాదలు సంక్రాంతికి కొత్తల్లుడికి కూడా జరగవు. మొదట పుట్టీ, దాని మీద ఖరీదైన పెయింటు. ఏడాది తిరక్కుండా అది బుడగలు లేస్తే నాలుగడుగుల ఎత్తున టైల్స్. మూడడుగుల దగ్గర గాలికి ఆరిపోవాల్సిన తమరు, ఆరే దారి మూసేసరికి టైల్స్ పైనుంచి ఐదడుగుల దగ్గర దర్శనమిస్తారు. ఆ గోడకే బీరువా ఆనించి, అందులో పట్టుచీరలు పెట్టి తాళం వేస్తాం. గోడని ఆనుకున్న గాలిలో తేమ 80 శాతం దాటి అలాగే నిలిస్తే తమరి బంధువు బూజు గారికి చాలు. బీరువాని గోడకి నాలుగంగుళాలు ఎడంగా జరపడానికి డబ్బు ఖర్చు లేదు. అందుకే ఎవరూ జరపరు.

తమరు ఎటు నుంచి వచ్చారో కూడా మేము అడగం. అడగడం తేలికే. అడుగున్నర చదరం పాలిథీన్ కాగితాన్ని పైకి పొడిగా ఉన్న గోడకి నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక రోజు ఉంచాలి. కాగితం వెనక చెమ్మ పడితే నీరు గోడలోంచి వస్తోంది. గది వైపు పడితే గాలిలోంచి. మొదటిదానికి కిటికీ తెరిచినా, రెండోదానికి గోడ తొలిచినా దండగే.

తమరిని సాగనంపే పద్ధతీ ఉంది, వరస తప్పకూడదు. ముందు గోడ వెంబడి అడుగు వెడల్పున బుసక తీసేసి, ఆ పొర బయటపడ్డాక కంకర వేసి, నీళ్లకి వాలు ఇవ్వాలి. చాలా ఇళ్లలో తమరు సగం ఇక్కడే లొంగుతారు. అసలు పొరే లేని పాత గోడైతే, బయటి నేలకి ఆరంగుళాల పైన, ఇటుకలో కాకుండా సున్నమో సిమెంటో పెట్టిన సందులో 12 మిల్లీమీటర్ల బిట్టుతో నాలుగున్నర అంగుళాలకొకటి చొప్పున రంధ్రాలు వేయాలి. తొమ్మిదంగుళాల గోడకి లోతు ఏడున్నర. వాటి నిండా నీటిని పైకి పాకనివ్వని సిలేన్ క్రీము ఎక్కించాలి. ఇటుకలో వేస్తే క్రీము అక్కడే ఉండిపోతుంది, తమరు పక్క సందులోంచి పైకెళ్లిపోతారు.

తర్వాత మరక గీతకి అడుగున్నర పై దాకా పాత ప్లాస్టరింగ్ చెక్కేయాలి. నరసాపురం, అంతర్వేది వైపు నీటి ఉప్పదనం తెలిసిందే. కిందనుంచి నీరు ఆగినా, గోడలో మిగిలిన ఉప్పు వానాకాలం గాలిలోంచి తేమ పీల్చి తమరిని మళ్లీ నిలబెడుతుంది. పైకి తేలిన ఉప్పుని పొడి బ్రష్షుతోనే దులపాలి. నీళ్లతో కడిగితే కరిగి గోడలోకే పోతుంది. కొత్త పూత ఒక పాలు సున్నం, మూడు పాళ్లు కడిగిన ఏటి ఇసుక. మా తాతల మండువా ఇళ్ల సున్నపు గోడలు తమరిని లోపల దాచుకోకుండా గాలికి వదిలేసేవి. ఇక ఆరడం. అంగుళానికి నెల చొప్పున తొమ్మిదంగుళాల గోడకి తొమ్మిది నెలలు. పెళ్లికి తొమ్మిది రోజులుందనగా మేస్త్రికి ఫోన్ చేసేవాళ్లకి ఈ లెక్క రుచించదు.

సెల్లార్ల సంగతి వేరే చెప్పాలి. డెల్టాలో సెల్లార్ తవ్వించే ఆసామికి తమరే నిలువెత్తు పూలదండ వెయ్యాలి. కాలువలకి నీళ్లు ఆపేశాక మే నెలలో తవ్వుతారు, గొయ్యి పొడిగా కనబడుతుంది, అందరూ సంతోషిస్తారు. జూన్‌లో కాలువ వదలగానే తమరు లేస్తారు. గచ్చు కన్నా మీటరు ఎత్తున నీటిమట్టం ఉంటే ప్రతి చదరపు మీటరునీ కిందనుంచి టన్ను బరువుతో తోస్తారు. లోపలి వైపు పూసిన వాటర్‌ప్రూఫ్ పెయింటు ఆ తోపుకి పొరలు పొరలుగా లేచిపోతుంది. అసలు పూత గోడకి బయటి వైపు, మట్టి పూడ్చక ముందే వేయాలి. గచ్చూ గోడా కలిసే అతుకులో కాంక్రీటు పోసేటప్పుడే పీవీసీ వాటర్‌స్టాప్ పట్టీ పెట్టాలి. రెండూ మరిచినవాళ్లకి మిగిలింది రెండడుగుల చదరం, రెండున్నర అడుగుల లోతు గుంట, ఫ్లోట్ స్విచ్ ఉన్న పంపు, పైపులో వెనక్కి రానివ్వని వాల్వు, తుఫాను రాత్రి కరెంటు పోతే ఇన్వర్టరు. తోడిన నీటిని వీధి కాలవలోకి వదులుతాం. అది నిండి ఉంటే తమరు మా ప్రహరీ చుట్టి మళ్లీ దిగుతారు.

తేమ పోవాలని వానాకాలం మధ్యాహ్నం సెల్లార్ తలుపులు బార్లా తెరవడం మరో ఆహ్వానం. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీల గోడకి తగిలిందంటే అక్కడే నీరవుతుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరికి మేడ మీద గది కూడా సిద్ధం చేస్తున్న గృహస్థులు

తా.క.: బూజు మీద బ్లీచింగ్ పౌడర్ చల్లి, అది చాలదని పైన బాత్రూమ్ యాసిడ్ పోసే వీరులు మాలో ఉన్నారు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. బూజు గారికేమవుతుందో గానీ, కిటికీ లేని గదిలో మనిషి ఊపిరికి ప్రమాదం. పొడి బూజుని చీపురుతో దులిపినా అది గదంతా విత్తినట్టే. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవాలి, ఆ గుడ్డ పారేయాలి.