చదవకుండా నొక్కే హక్కు

విండోస్ నుంచి దూరంలోని సర్వర్‌కు లాగిన్ అయ్యే ప్రోగ్రామ్ పుట్టీ. దానితో కొత్త సర్వర్‌కు మొదటిసారి కనెక్ట్ కాగానే ఒక పెట్టె తెరుచుకుని, ‘ఈ సర్వర్ నాకు తెలియదు, దీని వేలిముద్ర ఇదీ, నమ్మమంటావా?’ అని వినయంగా అడుగుతుంది. (వేలిముద్ర అంటే ఆ సర్వర్ కీని గుర్తించే అక్షరాల వరుస.) అనుభవజ్ఞులు ఆ వాక్యం పూర్తికాక ముందే ‘యాక్సెప్ట్’ నొక్కేస్తారు. చదివితే అనుమానం పుడుతుంది. అనుమానం పుడితే సర్వర్ చూసుకునేవారిని పిలిచి, అసలు వేలిముద్ర ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ అనే ఆదేశంతో తీయించి, అక్షరం అక్షరం పోల్చుకోవాలి. అంత తీరిక ఎవరికుంది? యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు చోరీ అయ్యాయని 1995లో ఫిన్లాండ్‌లో టాటు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ (పుట్టీ వాడే, సంభాషణను రహస్యంగా ఉంచే లాగిన్ పద్ధతి) రాశాడు. ఆయన శ్రమకు మన నివాళి అర సెకను. తర్వాతెప్పుడో అదే సర్వర్ వేలిముద్ర మారిందంటూ హెచ్చరిక వస్తుంది. మెషీన్ కొత్తగా ఇన్‌స్టాల్ చేసి ఉండొచ్చు, మధ్యలో ఎవడో దొంగ కూర్చుని ఉండొచ్చు. రెండింటికీ మందు ఒకటే బటన్.

ఇక పాస్‌వర్డ్ బదులు వాడే కీల సంగతి. ప్రైవేట్ కీ మన దగ్గర, పబ్లిక్ కీ సర్వర్‌లో ఉంటాయి. కీలు తయారుచేసే పుట్టీజెన్‌లో ఈడీ25519 అనే రకం ఎంచుకుని, మౌస్ అటూ ఇటూ తిప్పితే కీ తయారవుతుంది. కీకి తాళంలాంటి పాస్‌ఫ్రేజ్ గడిని ఆచారం ప్రకారం ఖాళీగా వదలాలి. ‘సేవ్ పబ్లిక్ కీ’ నొక్కితే వచ్చే ఫైల్‌లో కీ పలు వరుసల్లో ఉంటుంది. సర్వర్‌లో అనుమతించిన కీల జాబితా ఉండే ఆథరైజ్డ్_కీస్ ఫైల్‌కు కావలసింది ఒకే వరుస. అది పుట్టీజెన్ పై గడిలోనే కనబడుతుంది, అక్కడ కాపీ చేసుకోమని రాసి కూడా ఉంటుంది. రాసి ఉంది కాబట్టే ఎవరి కంటా పడదు. ఫలితం: ‘సర్వర్ రిఫ్యూజ్డ్ అవర్ కీ’.

అప్పుడు సర్వరోగ నివారిణి సీహెచ్‌మాడ్ 777 (ఎవరైనా చదివి, రాసి, నడిపేలా అనుమతులన్నీ తెరిచే ఆదేశం) రంగంలోకి దిగుతుంది. సర్వర్ వైపు నడిచే ఎస్‌ఎస్‌హెచ్‌డీ మహా ఛాందసం. హోమ్ ఫోల్డర్‌లోగానీ, ఆ కీల జాబితా ఉండే డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లోగానీ ఇతరులు రాయగలిగితే చాలు, సరైన కీనైనా తోసిపుచ్చుతుంది. ఆ ఫోల్డర్లకు 700, ఆథరైజ్డ్_కీస్ ఫైల్‌కు 600 (అంటే యజమానికి మాత్రమే అనుమతి) ఇస్తే గొడవ తీరుతుంది. ‘బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్’ అని సర్వర్ లాగ్‌లో స్పష్టంగా రాసుకుంటుంది కూడా. లాగ్ తెరవడం మన మర్యాదకు భంగం.

పది నిమిషాలు మౌనంగా ఉంటే కనెక్షన్ తెగుతోందా? పుట్టీ అమరికల్లో కీప్‌అలైవ్ (కనెక్షన్ తెగకుండా అప్పుడప్పుడు పంపే సంకేతం) 0 నుంచి 30 సెకన్లకు మార్చాలి. తర్వాత సెషన్ పేజీకి తిరిగి వెళ్లి ‘సేవ్’ నొక్కాలి. రెండో సగం మరవడం తప్పనిసరి.

ఫైళ్ల బదిలీకి విన్‌ఎస్‌సీపీ అనే ప్రోగ్రామ్. విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్ట్ (ఆదేశాల ఫైల్) అటు చేరాక ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అంటే, నేరం వరుస చివర దాక్కున్న క్యారేజ్ రిటర్న్ అనే కనబడని గుర్తుది. దాన్ని తీసేసే డాస్2యునిక్స్ ఒక్కసారి నడిపితే పోతుంది. ఉత్సాహవంతులు బదులుగా, వరుస చివరలను దారిలోనే మార్చే టెక్స్ట్ మోడ్ పెట్టి, దాన్ని అలాగే వదిలేసి, బొమ్మలనూ జిప్‌లనూ అందులోనే పంపి చెడగొట్టుకుంటారు.

2024లో పుట్టీ 0.81 వచ్చింది. 0.68 నుంచి 0.80 దాకా వెర్షన్లు పీ-521 అనే రకం కీతో చేసిన సంతకాలు అరవై దాకా చేతికి చిక్కితే ప్రైవేట్ కీనే లెక్కగట్టవచ్చని తేలింది. కొత్త వెర్షన్ వేసుకున్నా పాత కీ పాపం పోదు. దాన్ని ప్రతి సర్వర్ నుంచీ పీకేసి కొత్తది పెట్టాలి. ఎన్నో ఆఫీసుల్లో ఆ పనికి ఇంకా ముహూర్తం కుదరలేదు.